స్నానపు గట్టులో తరుగు

కూర్చోవడం ప్రతి మనిషికీ జన్మహక్కు. ఎంత వెడల్పున కూర్చోవాలన్నది మాత్రం కమిటీ తేల్చవలసిన విషయం. ఈ చిన్న తేడా తెలియక మన జనం ఎక్కడ పడితే అక్కడ, ఎవరికి వీలైనంత మేర వాళ్లు కూర్చుంటూ వ్యవస్థలకు తీరని నష్టం చేస్తున్నారు. అద్దంకిలోని మా శ్రీ ప్రసన్న ప్యారడైజ్ అపార్టుమెంటు ఈ అరాచకానికి అడ్డుకట్ట వేసింది. అదెలా జరిగిందో నలుగురికీ చెప్పకపోతే చరిత్ర నన్ను క్షమించదు. (చెబితే కమిటీ క్షమించదు. కానీ చరిత్ర నాకు మెయింటెనెన్స్ బిల్లు పంపదు కనుక దాని మాటే వింటున్నాను.)

రెండో అంతస్తులో మా వాకిలికి ఎదురు వాకిలి సుబ్బరావమ్మ గారిది. అద్దంకి పక్క పల్లెలో మిరప, పత్తి వేసి, ఎండలో కాయ ఏరి, బస్తాలు తొక్కి, ఎడ్లబండి కాలం నుంచి ట్రాక్టరు కాలం దాకా సేద్యం చేసిన మనిషి. ఇప్పుడు పొలం కౌలుకిచ్చి కొడుకు బాలు, కోడలు కోటేశ్వరిలతో ఉంటున్నారు. బాలు పొగాకు కంపెనీ పని మీద వారంలో సగం ఊళ్లు తిరుగుతుంటాడు. కోటేశ్వరి ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. అత్తాకోడళ్ల మధ్య గొడవలేమీ లేవు. ఉంటే ఈ కథ ఇంకాస్త రసవత్తరంగా ఉండేది గానీ, లేనివి నేను పుట్టించలేను.

ఆ మధ్య సుబ్బరావమ్మ గారు బాత్‌రూములో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని స్నానం చేస్తుంటే సబ్బునీళ్లకు స్టూలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఒంగోలులో ఆపరేషన్ చేసి ఇంటికి పంపిస్తూ డాక్టరు ఒకటే మాట చెప్పాడు, ఇకమీదట కదలని దాని మీద కూర్చునే స్నానం చేయాలని. అప్పటి నుంచి రోజూ పొద్దున కోటేశ్వరి బడికి పోయేలోపల అత్తగారిని బాత్‌రూములో కుర్చీ మీద కూర్చోబెట్టి, కుర్చీ కాలికి తన కాలు అడ్డం పెట్టి, ఒక చేత్తో ఆవిడ భుజం, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని స్నానం చేయిస్తోంది.

"నా కోడలు బంగారం అయ్యా," అన్నారు ఆవిడ ఒకరోజు నాతో, వరండాలో వాకర్ పట్టుకుని నడక నేర్చుకుంటూ. "ఒక్క మాట ఇసుక్కోదు. అయినా నా ఒళ్లు నాది గదా. నా ఒళ్లు నేను తోముకోవాల. గడియేసుకుని, నా పాటికి నేను, ఒక్కదాన్నే. ఇంతకు మించి నాకేం కోరికల్లేవు."

ఆ మాట విన్నాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. కమిటీకి ఆ ఇబ్బంది ఏ దశలోనూ కలగలేదు.

ఆవిడ అడిగింది బాత్‌రూము గోడకు ఆనించి ఒక రాతి గట్టు. కొలత కూడా ఆవిడే చెప్పారు. మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా చూపించి, "మూరెడు ఎడల్పు, మోకాలెత్తు, పక్కన చెంబు పెట్టుకునేదానికి ఇంత చోటు," అన్నారు. మేస్త్రీ వస్తే పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనానికి వెళ్లిపోయే పని. అయితే మా అసోసియేషన్ నిబంధనల ప్రకారం, ఏ ఫ్లాటులోనైనా గోడకు, నేలకు, పైకప్పుకు, వాటి మధ్యనున్న గాలికి మార్పు చేయదలిస్తే ముందుగా అనుమతి పొందాలి. కోటేశ్వరి నియమం తప్పని మనిషి. అనుమతి అడిగింది. (ఈ కథలో జరిగిన పొరపాటు ఇదొక్కటే. మిగిలినదంతా పద్ధతి ప్రకారమే జరిగింది.)

అసోసియేషన్‌కు ముగ్గురు పెద్దలు. అధ్యక్షులు నాగేంద్రబాబు గారు, మిర్చి కమీషన్ వ్యాపారం. సుబ్బరావమ్మ గారి ఊరివారే, ఆవిడను అత్తా అని పిలుస్తారు, ఆవిడ బస్తాలు ఎన్నో ఏళ్లు ఆయన కొట్లోనే దిగాయి. కార్యదర్శి శివరామకృష్ణ గారు పత్తి కొనే కంపెనీలో బయ్యరుగా చేసి రిటైరయ్యారు. గుప్పెడు పత్తి పిసికి తేమ ఇంత అని చెప్పగల చేయి ఆయనది. కోశాధికారి నజీర్ గారికి చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్ ఉంది. ముగ్గురూ జీవితమంతా ఇతరుల సరుకును కొలిచినవారే గనుక, గట్టు కొలతకు ఇంతకంటే అర్హులు జిల్లాలో దొరకరని మేమంతా నమ్మాం.

"మూర అనేది కొలత కాదమ్మా, అభిప్రాయం," అన్నారు శివరామకృష్ణ గారు, కోటేశ్వరి చెప్పింది విని. "ఎవరి మూర? మీ అత్తగారి మూరా, సెంటర్లో పూలమ్మే ఆవిడ మూరా? రేపు ఆ గట్టు మీద ఇంకొకళ్లు కూర్చుంటే వాళ్ల మూర సంగతేంటి?"

"ఇంకొకళ్లెవరు కూర్చుంటారండీ? మా ఇల్లు, మా బాత్‌రూము," అంది కోటేశ్వరి.

"అందరూ అట్టా అనుకునే గదమ్మా కడతారు," అన్నారాయన సానుభూతిగా.

ఆ సాయంత్రమే స్నానాసన పరిమాణ నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. గట్టు అనే మాట నాటుగా ఉందని, ఇకపై అన్ని చర్చల్లో స్నానాసనం అనే వాడాలని మొదటి తీర్మానం. పెద్దలు ముగ్గురే సభ్యులు. గతంలో లిఫ్టు గురించి పేపరుకు ఉత్తరం రాసిన నేరానికి నన్ను పరిశీలకుడిగా వేశారు. పరిశీలకుడు చూడవచ్చు, టీ తాగవచ్చు, మాట్లాడకూడదు.

మొదటి సమావేశంలోనే పెద్ద చిక్కు వచ్చింది. గట్టు వెడల్పు తేలాలంటే దాని మీద కూర్చునే మనిషిని కొలవాలి. కూర్చునే మనిషేమో ఆడమనిషి, పైగా పెద్దావిడ. కూర్చుంటే ఎంత మేర పడుతుందమ్మా అని ఆవిడను అడగడం ఏం సంస్కారం? కొలవడమనే మాట వినడానికే నాగేంద్రబాబు గారు చెవులు మూసుకున్నారు.

"మా అత్త వరసండీ. ఆవిడకు టేపు పెడతామా! ఊళ్లో తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తారు."

"నేను కొలిచి చెబుతానండీ, ఇంట్లో మనిషినే గదా," అంది కోటేశ్వరి.

కుటుంబ సభ్యుల కొలతలో పక్షపాతం ఉండే అవకాశం ఉందని కార్యదర్శి గారు గుర్తుచేశారు. ఎంత కావాలో అంతే కొలిచి తెస్తారని ఆయన భయం. ఈ విధంగా, ఆవిడ మీద ఉన్న గౌరవం కొద్దీ, ఆవిడను తప్ప అందరినీ కొలవాలని ఏకగ్రీవంగా నిర్ణయమైంది.

ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో ఇటుకల మీద చెక్క వేసి ప్రయోగాత్మక ఆసనం సిద్ధం చేశారు. స్నానం చేసేటప్పుడు మనిషి తడిసి ఉంటాడు గనుక, వాస్తవ పరిస్థితులకు దగ్గరగా ఉండాలని సభ్యులు బకెట్లతో నీళ్లు పోసుకుని, తడి తువ్వాళ్లతో వరసగా వచ్చి కూర్చున్నారు. కూర్చున్నచోట వెనకా ముందూ సుద్దముక్కతో గీతలు గీశారు. (నాగేంద్రబాబు గారి వెనక గీత చెక్క దాటి గోడ మీదికి పోయింది. అయినా నిబద్ధతతో గీశారు.) మహిళా ప్రాతినిధ్యం కోసం నజీర్ గారి భార్య షహనాజ్ గారిని పిలిపించారు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, తువ్వాళ్లలో కూర్చున్న ముగ్గురు పెద్దలను చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

ఇంతలో సుబ్బరావమ్మ గారు వాకర్ మీద మెల్లగా నడుచుకుంటూ వచ్చారు. ఆవిడ వెనక కోటేశ్వరి.

"ఏరా నాగేంద్రా, నేను కూర్చునేదానికి మీరు తడుసుకుంటన్నారేందిరా?"

"నీకోసమే అత్తా ఈ తిప్పలన్నీ. నువ్వు నిలబడమాక, పోయి కూర్చో."

"ఎక్కడరా?" అన్నారు ఆవిడ.

హాల్లో ఉన్న ఒకే ఒక్క ఆసనం ప్రయోగంలో ఉంది.

అందరి కొలతలూ కలిపి సగటు తీశారు. కూర్చోకుండా వెళ్లిపోయిన షహనాజ్ గారికి సున్నా వేసి, ఆవిడను కూడా లెక్కలో కలుపుకున్నారు. మహిళలను విస్మరించామన్న మాట రాకూడదు గదా.

"అదేంటండీ, అసలు కూర్చోనే కూర్చోని మనిషికి సున్నా వేసి సగటు తీస్తారా?" అంది కోటేశ్వరి.

"సున్నా కూడా అంకేనమ్మా. లెక్కల టీచరువి, నీకు మేం చెప్పాలా?" అన్నారు శివరామకృష్ణ గారు.

తేలిన సగటు ఇరవై అంగుళాలు. నిజం చెప్పొద్దూ, ఆ అంకె విని నేను ఆశ్చర్యపోయాను. సుబ్బరావమ్మ గారి మూరకు ఇది రెండంగుళాలు ఎక్కువే. ఇన్ని నీళ్లు పోసుకుని, ఇంత తప్పుడు లెక్క వేసి, గుడ్డివాడు విసిరిన రాయి గురికి తగిలినట్టు వీళ్లు సరైన చోటికే వచ్చారు. అక్కడితో లేచి ఒళ్లు తుడుచుకుని ఇళ్లకు పోయి ఉంటే ఈ కథ లేదు.

కానీ జీవితమంతా తూకాల దగ్గర గడిపిన మనుషులు. వచ్చిన అంకెను వచ్చినట్టు ఒప్పుకోవడం వాళ్ల రక్తంలో లేదు.

ముందుగా శివరామకృష్ణ గారు గొంతు సవరించుకున్నారు. కొలత తీసిన సమయంలో సభ్యులందరూ తడిసి ఉన్నారని, తడి సరుకు ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని, ఇది తన సర్వీసులో వేలసార్లు రుజువైందని చెప్పారు. నాగేంద్రబాబు గారి తువ్వాలు కొసను రెండు వేళ్ల మధ్య నలిపి, కళ్లు మూసుకుని, "పదిహేను శాతం పైమాటే," అన్నారు. తేమ కింద రెండంగుళాలు కొట్టేశారు.

"తేమ తువ్వాలుదండీ! గట్టుకు తేమేంటి?" కోటేశ్వరి గొంతు లేచింది.

"తేమ ఎక్కడున్నా తేమేనమ్మా."

తర్వాత నాగేంద్రబాబు గారు. ఆయన ఈ విషయం చాలా శాంతంగా, పిల్లలకు చెప్పినట్టు వివరించారు. మిర్చి బస్తా కాటా మీద ఎంత చూపించినా అంతా రైతు ఖాతాలో వేయరు. గోతం బరువని, దుమ్మని, తొడిమలని కొంత తరుగు తీస్తారు. "తియ్యకపోతే రైతుకే అనుమానమొస్తదండీ, ఈడు ఇంకెక్కడో గట్టిగా తీశాడని. తరుగు తీత్తేనే నమ్మకం." అందుకని తరుగు కింద ఇంకో రెండంగుళాలు. అంతటితో ఆగలేదు. బస్తాలో ఎరుపు తిరగని తాలుకాయ కొంత ఉన్నట్టే, కూర్చున్న మనిషిలోనూ బల్లకు ఆనని భాగం కొంత ఉంటుందని, అది తాలు కిందికి వస్తుందని ఇంకో అంగుళం తీశారు.

తరుగు అన్న మాట వినగానే సుబ్బరావమ్మ గారు తలెత్తారు. వాకర్ మీద ఆవిడ చేతులు బిగుసుకోవడం నేను చూశాను. ఆ మాట ఆవిడకు కొత్త కాదు. వాకర్‌ను నాగేంద్రబాబు గారి వైపు తిప్పి నిలబడ్డారు.

మిగిలినవాళ్లిద్దరూ తీశాక నజీర్ గారు తీయకుండా ఎట్లా ఉంటారు? క్వారీలో రాతి దిమ్మె కొలిచేటప్పుడు అంచులు వంకరటింకరగా ఉంటాయని రెండు వైపులా అలవెన్సు తీసి రాసుకోవడం వాళ్ల ఆనవాయితీ. సభ్యుల అంచులు తాను స్వయంగా చూశానని, క్వారీ రాయి కంటే అధ్వానంగా ఉన్నాయని, రెండు వైపులా ఒక్కో అంగుళం తీయాల్సిందేనని ఆయన చెప్పారు. ఎవరూ నొచ్చుకోలేదు. వృత్తి ధర్మం.

పదమూడు మిగిలింది. పదమూడు అంకె కలిసిరాదని, ఒక అడుగు అంటే నోటికి తేలిక, కాగితానికి అందం అని కార్యదర్శి గారు ఇంకో అంగుళాన్ని శుభం కోసం వదిలేశారు. స్నానాసనం వెడల్పు ఒక అడుగుగా మంజూరైంది. అందరూ చప్పట్లు కొట్టారు. తడి చేతుల చప్పట్లు గనుక శబ్దం కాస్త ఎక్కువగానే వచ్చింది. (దీనికి తరుగు తీయలేదు.)

"అడుగు మీద మనిషి ఎట్టా కూర్చుంటదండీ? జారి పడి గదా ఆవిడకు తుంటి విరిగింది!" కోటేశ్వరికి ఏడుపొక్కటే తక్కువ.

"కూర్చోగా కూర్చోగా అదే అలవాటవుద్దమ్మా," అన్నారు నాగేంద్రబాబు గారు. ఆయన మాటలో కపటం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మాట్లాడాలని నోరు తెరిచాను. శివరామకృష్ణ గారు నా చేతిలో టీ గ్లాసు పెట్టి నా హోదా గుర్తుచేశారు.

ఇక రాయి. ఇక్కడ నజీర్ గారి ఔదార్యం గురించి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. చీమకుర్తి నుంచి తన యూనిట్ లారీలోనే పలక పంపించారు. నల్లటి రాయి, లోపల బంగారు చుక్కలు. విదేశాల్లో హోటళ్లకు పోయే సరుకు, అడుగు వెడల్పుకు కోసి, బాత్‌రూము గోడ ఎంత పొడవుందో అంత పొడవుగా వచ్చింది. సుబ్బరావమ్మ గారు చూసి, "అంత పొడుగెందుకు నాయనా, నేను పడుకోను గదా, కూర్చుంటా. పొడుగు కోసి ఎడల్పుకెయ్యండి," అన్నారు.

"ఆ పలకను పొడుగులో ముక్క చేస్తే నా చేతులు పడిపోతాయమ్మా," అన్నారు నజీర్ గారు, పలకను పసిబిడ్డను నిమిరినట్టు నిమురుతూ. "అట్టాంటి రాయి మళ్లీ దొరకదు."

చట్టపరంగా కూడా ఆయనదే న్యాయం. వెడల్పు మీద తీర్మానం ఉంది. పొడవు మీద లేదు. తీర్మానం లేనిచోట కమిటీ ఎంత ఉదారంగా ఉంటుందో ఆ పలకే సాక్ష్యం.

గట్టు బిగించడానికి హయాత్ మేస్త్రీని పిలిచారు. ఆ రోజు కోటేశ్వరి బడిలో ఉంది, బాలు పొగాకు ఊళ్ల మీద ఉన్నాడు. దుమ్ము పడదని సుబ్బరావమ్మ గారిని మా ఇంట్లో కూర్చోబెట్టాం. హయాత్ కూడా ఆనవాయితీ ఉన్న మనిషే. కింద దిమ్మె కట్టకుండా గోడకు బిగించే పలక ఏదైనా సరే, గోడలోకి ఐదంగుళాలు దిగాలన్నది వాళ్ల తాతల నాటి నియమం. ఆ ఐదు ఎక్కడి నుంచి రావాలన్నది తాతలు చెప్పలేదు. అడుగులోంచే వచ్చాయి. మిగిలిన ఏడింటిలో గోడకు వేసిన కొత్త టైలు, దాని వెనక సిమెంటు కలిసి ఒక అంగుళం తినేశాయి.

తర్వాత అడిగితే హయాత్ చేతులు చాచి చూపించాడు. "కాయితంలో అడుగని రాశారు, అడుగు రాయి ఇచ్చారు, అడుగూ పెట్టాను. లోపలెంత, బయటెంత అని ఎవరన్నా చెప్పారా సార్?"

ఎవరూ చెప్పలేదు. బయట ఆరంగుళాలు మిగిలాయి. జానెడు కూడా కాదు.

సిమెంటు ఆరాక ప్రారంభోత్సవం. రిబ్బను కట్టారు. అపార్టుమెంటు వాళ్లంతా సుబ్బరావమ్మ గారి బాత్‌రూము ముందు, హాల్లో, వంటింట్లో నిలబడ్డారు. ఆవిడ ఎవరూ చూడకుండా స్నానం చేయడం కోసం కట్టిన గట్టును చూడటానికి ఇంతమంది రావడం ఆవిడ అదృష్టమని ఒకరు ప్రసంగంలో అన్నారు. నల్లరాయి మిలమిల మెరుస్తూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగి ఉంది. ఎంతో అందమైన అలమర అరలా ఉంది.

అధ్యక్షుల వారు తొలి ఆసీనులు కావాలని కార్యదర్శి గారు కోరారు. నాగేంద్రబాబు గారు కెమెరా వైపు తిరిగి, నవ్వుతూ, గట్టు మీద కూర్చున్నారు. ఫోటోలో ఆయన నవ్వు మాత్రమే పడింది. మిగతా ఆయన నేల మీద ఉన్నారు. అదృష్టవశాత్తూ నేల పొడిగా ఉంది, దెబ్బలేమీ తగల్లేదు. ఇది ఆసనం లోపం కాదని, ఆసీనులైన తీరులో లోపమని అక్కడికక్కడే ఉపసంఘం నిర్ధారించింది.

సుబ్బరావమ్మ గారు వాకర్ మీద లోపలికి వచ్చారు. గట్టు వంక చూడలేదు. తలుపు వంక చూశారు.

"అమ్మాయ్, ఆ తలుపేసి గడియ పడుద్దేమో చూడు."

కోటేశ్వరి తలుపు లాగింది. లోపలికి తెరుచుకునే తలుపు అది. మూసుకోబోతూ గోడవారన గుమ్మం దాకా సాగివచ్చిన నల్లరాయి కొసకు ఠప్పున తగిలి ఆగిపోయింది. మళ్లీ లాగింది. మళ్లీ తగిలింది. హయాత్ పని చేసినంతసేపూ తలుపు బార్లా తెరిచే ఉంది. మూసి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మూయడం గురించి కమిటీకి అసలు దరఖాస్తే అందలేదు.

"కొస మీద కాస్త కొట్టెయ్యండయ్యా," అంది కోటేశ్వరి. నజీర్ గారు రెండు చేతులూ పలక మీద పెట్టి అడ్డంగా నిలబడ్డారు.

శివరామకృష్ణ గారు కాసేపు ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. "తలుపు తీసేద్దాం. తలుపే లేకపోతే మూసుకోవడం లేదన్న కంప్లయింటు ఉండదు గదా?" సభ్యులు మెచ్చుకున్నారు. కావాలంటే ఆ స్థానంలో కర్టెను వేసుకోవచ్చని, కర్టెను వెడల్పు తేల్చడానికి ఇదే ఉపసంఘాన్ని కొనసాగిస్తామని చెప్పారు. హయాత్ అప్పటికే స్క్రూలు విప్పుతున్నాడు.

ఊడదీసిన తలుపును నలుగురు పట్టుకుని ఆవిడ ముందు నుంచే మోసుకుపోయారు. గడియ ఇంకా దానికే ఉంది. అది పోతున్నంతసేపూ ఆవిడ దాన్నే చూశారు. ఇన్నాళ్ల నొప్పిలో, ఆపరేషన్లో, వాకర్ మీద ఆవిడ కళ్లలో నీళ్లు చూడలేదు నేను. ఆ రోజు చూశాను.

ఆవిడ సబ్బుపెట్టె తీసుకుని గట్టు మీద పెట్టారు. సరిగ్గా సరిపోయింది.

"ఏరా నాగేంద్రా."

"చెప్పత్తా."

"మీ నాయన కాడ్నించీ నా కాయల్లో తరుగు తీశారు. ఈయనలాంటోళ్లు నా పత్తిలో తేమన్నారు. ఏనాడన్నా నోరెత్తానా? అది మీ యాపారంలే, మీ పిల్లలూ బతకాలిగా అని ఊరుకున్నా. ఇయ్యాల నేను పిర్ర ఆనించే చోట్లో కూడా తీశారు గదరా. తలుపు కూడా తీసేశారు." ఆవిడ గట్టు మీద చేయి ఆనించారు. "ఇంక గట్టు జోలికి పోమాకండి. రాయి మంచిదంట, దాన్నేం కొయ్యొద్దు. నాకే తరుగు తియ్యండి. ఈ తుంటి కాడ ఓ పది అంగుళాలు తీసేశారంటే, దాని మీద సుబ్బరంగా సరిపోతా."

నాగేంద్రబాబు గారు తల దించుకున్నారు. ఆయన మొహం మిరపకాయలా కందిపోయింది. కోటేశ్వరి అత్తగారి భుజం మీద చేయి వేసింది. ఇంత సిగ్గుతోనైనా వీళ్లు మనుషులవుతారని, ఒక్క నిమిషం, నేను నిజంగా నమ్మాను.

శివరామకృష్ణ గారు జేబులోంచి పెన్ను తీశారు.

"మళ్లీ ఒకసారి చెప్పండమ్మా, ఎంతన్నారు? పదా?"

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే కోటేశ్వరి కుర్చీ కాలికి తన కాలు అడ్డం పెట్టి అత్తగారికి స్నానం చేయించింది. తలుపు లేని గుమ్మానికి పాత దుప్పటి ఒకటి కట్టారు, ఫ్యాను గాలికి అది పక్కకు పోతుంటే ఆవిడ ఒక చేత్తో దుప్పటి అంచు పట్టుకుని కూర్చున్నారు. ఇక ఒళ్లు తోముకోవడానికి ఆవిడకు చేయి ఖాళీ లేదు. అదే సమయానికి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఉపసంఘం తీర్మానం వచ్చింది. శ్రీమతి సుబ్బరావమ్మ గారి ప్రతిపాదనను సూత్రప్రాయంగా ఆమోదించారు. అయితే పది అంగుళాలు ఎక్కువగా ఉందని భావించి, అందులో తరుగు కింద రెండు తీసేసి, ఎనిమిదికి మంజూరు చేశారు.